నెలకు 25 డాలర్లు ఇస్తామన్నారు.. 63లో 56 సీట్లు కొట్టేశారు.. ఆ తర్వాత ఏమైంది? కెనడా హెడ్‌మాస్టర్ అబెర్‌హార్ట్ కథ ఇదీ..!

పార్టీ బరిలోకి దిగి ఏడాది కూడా కాలేదు. అసెంబ్లీలో అప్పటిదాకా ఒక్క సీటూ లేదు. పార్టీని నడిపిస్తున్న పెద్దమనిషి అయితే అసలు పోటీయే చేయలేదు. కానీ ఓట్ల లెక్కింపు పూర్తయ్యేసరికి సీన్ మొత్తం మారిపోయింది. 63 సీట్లలో ఏకంగా 56 ఆ కొత్త పార్టీ ఖాతాలో పడ్డాయి. 14 ఏళ్లుగా రాష్ట్రాన్ని ఏలుతున్న పార్టీకి వచ్చిన సీట్లు ఎన్నో తెలుసా? సున్నా.

1935 ఆగస్టు 22న కెనడాలోని ఆల్బర్టా ప్రావిన్స్‌లో జరిగిన ఎన్నిక ఇది. కెనడా చరిత్రలో ల్యాండ్‌స్లైడ్ విజయాల గురించి మాట్లాడుకుంటే ఈ ఎన్నిక పేరు కచ్చితంగా వస్తుంది. ఈ విజయం వెనకున్నది ఓ స్కూల్ ప్రిన్సిపల్. ఆదివారాలు రేడియోలో బైబిల్ ప్రసంగాలు చెప్పే ఆయన పేరు విలియం అబెర్‌హార్ట్. జనం ముద్దుగా పెట్టుకున్న పేరు బైబిల్ బిల్.

ఆయన జనానికి ఇచ్చిన హామీ ఒక్కటే. ప్రతి వయోజనుడికీ నెలకు 25 డాలర్లు. మరి ఆ డబ్బులు ఇచ్చారా? ఇవ్వకపోతే జనం ఊరుకున్నారా? అసలు ఒక హెడ్‌మాస్టారు అంత పెద్ద హామీ ఎందుకిచ్చారు? ఆ కథేంటో చూద్దాం.

పల్లెటూరి కుర్రాడు.. పట్నంలో హెడ్‌మాస్టర్

అబెర్‌హార్ట్ పుట్టింది 1878 డిసెంబర్ 30న. ఊరు కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్‌లో ఓ పల్లె. వాళ్లది రైతు కుటుంబం. చదువు అయ్యాక టీచర్ ఉద్యోగంలో చేరారు. బ్రాంట్‌ఫర్డ్ అనే పట్టణంలో పాఠాలు చెప్పి, అక్కడే ప్రిన్సిపల్ కూడా అయ్యారు. 1902లో జెస్సీ ఫ్లాట్‌తో పెళ్లయింది. వాళ్లకు ఇద్దరు ఆడపిల్లలు.

1910లో కుటుంబంతో సహా పడమటికి మకాం మార్చారు. ఆల్బర్టాలోని కాల్గరీ నగరానికి వచ్చేశారు. అప్పట్లో ఆల్బర్టా అంటే కొత్త భూమి. ప్రావిన్స్‌గా ఏర్పడి ఐదేళ్లే. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి గోధుమ సాగు చేసుకుంటున్న కాలం. ఉద్యోగం చేసుకుంటూనే క్వీన్స్ యూనివర్సిటీ నుంచి దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేశారాయన. 1915లో క్రెసెంట్ హైట్స్ హైస్కూల్ ప్రిన్సిపల్ అయ్యారు. ప్రీమియర్ అయ్యేదాకా, అంటే 20 ఏళ్ల పాటు అదే కుర్చీలో ఉన్నారు.

మనిషి భారీగా ఉండేవారు. బట్టతల, కళ్లజోడు, గంభీరమైన గొంతు. క్రమశిక్షణ అంటే క్రమశిక్షణే. చెప్పిందే చెప్పాలి, అన్నది జరగాలి అనే రకం. అర్థం కాని విషయాన్ని అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పడం ఆయన ప్రత్యేకత. ఈ రెండు లక్షణాలూ గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఆయన్ను గెలిపించిందీ, ఇరుకున పెట్టిందీ ఇవే.

రేడియో కలిసొచ్చింది

వారమంతా స్కూల్. ఆదివారం వస్తే బైబిల్ క్లాస్. ఇదీ ఆయన దినచర్య. ఆ క్లాసులకు జనం పెరిగిపోవడంతో చర్చి సరిపోలేదు. చివరికి కాల్గరీలోని ప్యాలెస్ థియేటర్‌కు మార్చాల్సి వచ్చింది.

1925 నవంబర్‌లో అసలు మలుపు వచ్చింది. సీఎఫ్‌సీఎన్ అనే రేడియో స్టేషన్ ద్వారా ఆయన ప్రసంగాలు ప్రసారం కావడం మొదలైంది. ఈ రోజు ఫోన్ చేతిలో పట్టుకుని లైవ్ చూడటం మనకు మామూలే. అప్పట్లో మాత్రం రేడియో అంటేనే వింత. మైళ్ల దూరంలో ఒక్కో ఇల్లు, చలికాలం వస్తే గడప దాటలేని మంచు. అలాంటి చోట ఆదివారం మధ్యాహ్నం రేడియోలో వినిపించే గొంతు ఇంట్లో మనిషి గొంతులా అయిపోయింది. ఆల్బర్టాలోనే కాదు, పక్కనున్న సస్కాచెవాన్‌లోనూ వినేవాళ్లు.

శ్రోతలు పంపిన విరాళాలతో 1927లో కాల్గరీలో ప్రొఫెటిక్ బైబిల్ ఇన్‌స్టిట్యూట్ కట్టారు. అందులో చేరిన తొలి విద్యార్థి ఎవరో తెలుసా? సస్కాచెవాన్‌లో పొలం పనులు చేసుకుంటూ రేడియోలో ఆయన మాటలు విన్న ఓ కుర్రాడు. పేరు ఎర్నెస్ట్ మ్యానింగ్. అబెర్‌హార్ట్ అతన్ని తన ఇంట్లోనే పెట్టుకుని సొంత కొడుకులా చూసుకున్నారు. ఈ పేరు కూడా గుర్తుంచుకోండి. కథ చివర్లో మళ్లీ వస్తుంది.

అప్పటికి అబెర్‌హార్ట్‌కు రాజకీయాలతో ఏ సంబంధమూ లేదు. ఆయన లోకం స్కూలు, బైబిల్. అంతే.

గోధుమ ధర కుప్పకూలింది.. రైతు కూలిపోయాడు

1929లో అమెరికాలో షేర్ మార్కెట్ కుప్పకూలింది. మహా మాంద్యం మొదలైంది. ఆ దెబ్బ ఆల్బర్టా రైతుకు మామూలుగా తగల్లేదు. అంతకుముందు బుషెల్‌కు డాలర్‌కు పైగా పలికిన గోధుమ, 1932 చివరికి 40 సెంట్ల లోపుకు పడిపోయింది. పండించిన ఖర్చు కూడా రాని పరిస్థితి. దానికి తోడు కరవు. దుమ్ము తుపాన్లు. పొలం కోసం తెచ్చిన బ్యాంకు అప్పు మాత్రం అలాగే ఉంది. వడ్డీ ఆగదు కదా!

పట్నాల్లో ఉద్యోగాలు పోయాయి. కుర్రాళ్లు పని వెతుక్కుంటూ గూడ్స్ రైళ్లెక్కి ఊళ్లు తిరిగారు. చదువు చెప్పిన పిల్లలు పాస్ అయ్యి కూడా పనిలేక తిరగడం ప్రిన్సిపల్‌గా అబెర్‌హార్ట్ కళ్లారా చూశారు. ఇక్కడ ఆయన్ను తొలిచేసిన ప్రశ్న ఒకటే. పొలంలో పంట ఉంది. దుకాణంలో సరుకు ఉంది. చేయడానికి మనుషులున్నారు. మరి జనం ఎందుకు పస్తులుంటున్నారు?

ఒక్క పుస్తకం.. జీవితం మారిపోయింది

1932 వేసవి. పరీక్ష పేపర్లు దిద్దడానికి అబెర్‌హార్ట్ ఎడ్మంటన్ వెళ్లారు. అక్కడ తోటి టీచర్ ఒకరు ఆయన చేతిలో ఓ పుస్తకం పెట్టారు. సోషల్ క్రెడిట్ అనే సిద్ధాంతాన్ని తేలిక భాషలో వివరిస్తూ మారిస్ కోల్‌బోర్న్ రాసిన పుస్తకం అది. ఆ రాత్రి చదవడం మొదలుపెట్టిన అబెర్‌హార్ట్ పూర్తయ్యేదాకా వదల్లేదు. తెల్లారేసరికి ఆయన వేరే మనిషి.

ఇంతకీ ఏంటా సిద్ధాంతం? దాన్ని తయారు చేసింది మేజర్ సీహెచ్ డగ్లస్ అనే బ్రిటిష్ ఇంజినీర్. సింపుల్‌గా చెప్పాలంటే ఇలా ఉంటుంది. ఒక ఫ్యాక్టరీ జీతాలు, కూలీలు ఇస్తుంది. వాటితో పాటు ముడిసరుకు, బ్యాంకు అప్పులు, యంత్రాల ఖర్చు కూడా ఉంటుంది. సరుకు ధరలో ఇవన్నీ కలుస్తాయి. కానీ జనం చేతికి వచ్చేది జీతాల డబ్బులే. అంటే తయారైన సరుకంతా కొనడానికి సరిపడా డబ్బు జనం దగ్గర ఎప్పుడూ ఉండదు. ఆ లోటును ప్రభుత్వమే ప్రజలకు నేరుగా డబ్బు ఇచ్చి పూడ్చాలి. ఇదీ డగ్లస్ వాదన.

ఆర్థికవేత్తల్లో చాలామంది ఈ లెక్క తప్పని తేల్చేశారు. ఆ మిగతా ఖర్చు కూడా ఎక్కడో ఒకచోట ఎవరికో ఆదాయంగానే వెళ్తుందన్నది వాళ్ల పాయింట్. కానీ పస్తులున్న మనిషికి ఈ చర్చతో పనేముంది? జేబులో డబ్బు లేకపోవడమే సమస్య అని చెబితే, జేబు తడుముకున్న ప్రతివాడికీ అది నిజమే అనిపించింది.

మార్స్ నుంచి వచ్చిన మనిషి

ఆ తర్వాత ఆదివారం బైబిల్ ప్రసంగాల్లో ఆర్థిక పాఠాలు కూడా చేరాయి. సిద్ధాంతాన్ని అబెర్‌హార్ట్ తనదైన స్టయిల్లో సగం తీసేసి, మిగతా సగాన్ని రైతుకు అర్థమయ్యేలా మార్చేశారు. ఒంట్లో రక్తం తిరిగినట్టు సమాజంలో డబ్బు తిరగాలని పోలిక చెప్పారు. తిరగడం ఆగితే ప్రాణం పోతుందని వివరించారు. ప్రతి వయోజనుడికీ నెలకు 25 డాలర్ల డివిడెండ్ అనే అంకె కూడా అలా పుట్టిందే. మొగుడూ పెళ్లాలకు కలిపి 50. అది దానం కాదు, ఈ నేల సంపదలో ప్రతి పౌరుడికీ ఉన్న వాటా అన్నది ఆయన వాదన.

రేడియోలో నాటకాలు కూడా వేయించారు. వాటిలో బాగా హిట్టయింది మార్స్ నుంచి వచ్చిన మనిషి పాత్ర. అంగారకుడి నుంచి దిగిన ఆ పాత్ర ఆల్బర్టా అంతా తిరిగి చూస్తుంది. ఇంత పంట ఉంటే ఇంత ఆకలేంటని అమాయకంగా అడుగుతుంది. జవాబు ఎవరి దగ్గరా ఉండదు. రేడియో ముందు కూర్చున్న కుటుంబాలు నవ్వుకునేవి. నవ్వాక ఆలోచనలో పడేవి.

ఊరూరా స్టడీ గ్రూపులు పుట్టుకొచ్చాయి. బడి గదుల్లో, వంటింట్లో, చర్చి హాల్లో కూర్చుని జనం డబ్బు గురించి చర్చించుకోవడం మొదలుపెట్టారు. వందల కొద్దీ గ్రూపులు. తర్వాత అవే ఎన్నికల యంత్రాంగంగా మారాయి.

అధికార పార్టీ కాదంది.. హెడ్‌మాస్టర్ సై అన్నారు

నిజానికి అబెర్‌హార్ట్ మొదట సొంత పార్టీ పెట్టాలనుకోలేదు. ఉన్న పార్టీలు ఈ ప్లాన్‌ను తీసుకుంటే చాలన్నారు. అప్పుడు అధికారంలో ఉన్నది యునైటెడ్ ఫార్మర్స్ ఆఫ్ ఆల్బర్టా. రైతు సంఘం నుంచి పుట్టి 1921లో గెలిచిన పార్టీ. 1930 ఎన్నికల్లోనూ 39 సీట్లు దక్కించుకుంది. కానీ 1934లో ఆ పార్టీ ప్రీమియర్ జాన్ బ్రౌన్లీ వ్యక్తిగత వ్యవహారం కోర్టుకెక్కింది. జ్యూరీ తీర్పు వ్యతిరేకంగా రావడంతో ఆయన రాజీనామా చేశారు. ఆయన స్థానంలో రిచర్డ్ రీడ్ వచ్చారు. పార్టీ పరువు మాత్రం అప్పటికే పోయింది.

1935 జనవరిలో ఆ రైతు సంఘం మహాసభ సోషల్ క్రెడిట్ తీర్మానాన్ని తిరస్కరించింది. అంతే. తామే అభ్యర్థులను నిలబెడతామని అబెర్‌హార్ట్ ప్రకటించేశారు.

అభ్యర్థుల ఎంపిక కూడా వెరైటీగా జరిగింది. ఒక్కో నియోజకవర్గం కొన్ని పేర్లు పంపాలి. వాళ్లలో ఎవరు పోటీ చేయాలో అబెర్‌హార్ట్, ఆయన సలహా కమిటీ కలిసి తేలుస్తారు. క్లాస్ లీడర్లను ఎంపిక చేసినట్టే! అబెర్‌హార్ట్ మాత్రం పోటీకి దూరంగా ఉన్నారు.

ప్రత్యర్థులు లెక్కలు తీశారు. పెద్దవాళ్లు 4 లక్షల మంది అనుకున్నా నెలకు కోటి డాలర్లు కావాలి, ఏడాదికి 12 కోట్లు. ప్రావిన్స్ ఆదాయం అందులో చిన్న ముక్క కూడా కాదు. డబ్బు ఎక్కడి నుంచి తెస్తారని నిలదీశారు. పత్రికలన్నీ దాదాపుగా ఏకమై విమర్శించాయి. జనం వినలేదు. ఆ లెక్కలు చెప్పేవాళ్ల పాలనలోనే కదా తమ పొలాలు పోయాయని వాళ్ల కోపం.

ఆగస్టు 22న 80 శాతానికి పైగా జనం ఓటేశారు. సోషల్ క్రెడిట్‌కు 54 శాతం ఓట్లు, 56 సీట్లు. లిబరల్స్‌కు 5, కన్జర్వేటివ్‌లకు 2. అధికార పార్టీ ఖాతా కూడా తెరవలేదు. ప్రీమియర్ రీడ్ సొంత సీటూ పోయింది. ప్రపంచంలోనే తొలి సోషల్ క్రెడిట్ ప్రభుత్వం అలా ఏర్పడింది.

సెప్టెంబర్ 3న అబెర్‌హార్ట్ ప్రీమియర్‌గా ప్రమాణం చేశారు. మన దగ్గర ముఖ్యమంత్రి లాంటి పదవి అది. విద్యాశాఖ కూడా తన దగ్గరే పెట్టుకున్నారు. తర్వాత ఒకోటోక్స్-హై రివర్ అనే నియోజకవర్గంలో ఎమ్మెల్యే రాజీనామా చేసి సీటు ఖాళీ చేస్తే, అక్కడి నుంచి ఏకగ్రీవంగా గెలిచి సభలోకి వచ్చారు. బైబిల్ ఇన్‌స్టిట్యూట్ తొలి విద్యార్థి మ్యానింగ్ కూడా మంత్రి అయ్యారు. అప్పటికి అతని వయసు 26 ఏళ్లే.

ఖజానా చూస్తే ఖాళీ

కుర్చీలో కూర్చున్నాక అసలు సంగతి తెలిసొచ్చింది. ఖజానాలో జీతాలకే కటకట. హామీ సంగతి తర్వాత, ముందు ప్రభుత్వం నడవాలి. అబెర్‌హార్ట్ రాజధాని ఒట్టావా వెళ్లి కేంద్రాన్ని అప్పు అడిగారు. కోరిన దాంట్లో కొంతే దక్కింది. 1936 ఏప్రిల్‌లో బాండ్ల గడువు వచ్చింది. కట్టడానికి డబ్బుల్లేవు. అప్పు చెల్లించలేక చేతులెత్తేసిన తొలి కెనడా ప్రావిన్స్‌గా ఆల్బర్టా రికార్డులకెక్కింది. తర్వాత బాండ్లపై వడ్డీని సగానికి కోసేశారు.

25 డాలర్ల సంగతేంటని జనం అడుగుతూనే ఉన్నారు. 18 నెలల టైమ్ కావాలని అబెర్‌హార్ట్ చెప్పారు. డివిడెండ్ కోసం పేర్లు నమోదు చేసుకోమన్నారు. ప్రభుత్వానికి సహకరిస్తామని ఒప్పంద పత్రంపై సంతకం కూడా పెట్టాలి. జనం క్యూ కట్టి మరీ సంతకాలు పెట్టారు. ఇంకా నమ్మకం పోలేదు మరి!

1936 ఆగస్టులో ప్రభుత్వం ఓ ప్రయోగం చేసింది. ప్రాస్పెరిటీ సర్టిఫికెట్లు అనే కాగితాలు విడుదల చేసింది. విలువ ఒక డాలర్. కానీ ఓ తిరకాసు ఉంది. ఎవరి దగ్గర ఉంటే వాళ్లు వారానికోసారి దాని వెనక ఒక సెంటు స్టాంపు అంటించాలి. లేకపోతే చెల్లదు. దాచుకుంటే నష్టం కాబట్టి జనం వెంటనే ఖర్చు పెడతారు, డబ్బు తిరుగుతుంది అన్నది ఐడియా. రోడ్డు పనులు చేసినవాళ్లకు కూలీ కింద ఇవే ఇచ్చారు. కానీ వ్యాపారులు వాటిని తీసుకోవడానికి జంకారు. స్టాంపుల బాధ ఎవరికి కావాలి? 1937లో వాటిని రద్దు చేసేశారు.

విచిత్రం ఏంటంటే, అసలు సిద్ధాంతకర్త మేజర్ డగ్లస్ కూడా అబెర్‌హార్ట్‌తో విభేదించి సలహాదారు పదవి నుంచి తప్పుకున్నారు. చెప్పిన గురువే వెళ్లిపోయారు. శిష్యుడు మాత్రం జనానికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

సొంత ఎమ్మెల్యేల తిరుగుబాటు.. సొంత నియోజకవర్గంలో రీకాల్ దెబ్బ

18 నెలలు గడిచాయి. డబ్బులు రాలేదు. 1937 వసంతంలో సొంత పార్టీ ఎమ్మెల్యేలే తిరగబడ్డారు. బడ్జెట్‌ను అడ్డుకున్నారు. ఊళ్లకు వెళ్తే జనానికి మొహం చూపించలేకపోతున్నామన్నది వాళ్ల బాధ. చివరికి అబెర్‌హార్ట్ దిగొచ్చారు. సోషల్ క్రెడిట్ అమలుకు ప్రత్యేక బోర్డు వేసి, ఇంగ్లండ్ నుంచి డగ్లస్ మనుషులు ఇద్దర్ని రప్పించారు.

ఆ గొడవ సద్దుమణిగిందో లేదో ఇంకో పిడుగు. ఎన్నికైన ఎమ్మెల్యే నచ్చకపోతే జనమే వెనక్కి పిలిచేలా 1936లో ఇదే ప్రభుత్వం రీకాల్ చట్టం తెచ్చింది. నియోజకవర్గంలో మూడింట రెండొంతుల మంది ఓటర్లు సంతకం పెడితే ఎమ్మెల్యే పదవి పోతుంది. అది పార్టీ గొప్పగా చెప్పుకున్న హామీల్లో ఒకటి. దాన్ని జనం మొదట ఎవరి మీద వాడారో తెలుసా? సాక్షాత్తూ అబెర్‌హార్ట్ మీదే. ఒకోటోక్స్-హై రివర్‌లో సంతకాల సేకరణ జోరుగా సాగింది. 1937 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆ చట్టాన్నే రద్దు చేసింది. అది కూడా పాత తేదీ నుంచి అమల్లోకి వచ్చేలా! చమురు కంపెనీలు ఉద్యోగులను బెదిరించి సంతకాలు పెట్టించాయని అబెర్‌హార్ట్ వర్గం వాదించింది. కానీ జనానికి అధికారం ఇస్తానని వచ్చిన నేత, ఆ అధికారం తన మెడకు చుట్టుకోగానే లాగేసుకున్నారన్న మచ్చ మాత్రం మిగిలిపోయింది.

బ్యాంకులతో ఫైట్.. పత్రికలతో పేచీ

బ్యాంకులను ప్రావిన్స్ గుప్పిట్లోకి తెచ్చేలా 1937 ఆగస్టులో అసెంబ్లీ చట్టాలు చేసింది. ఇక్కడే అసలు చిక్కు. కెనడా రాజ్యాంగం ప్రకారం కరెన్సీ, బ్యాంకింగ్ కేంద్రం చేతిలో ఉంటాయి. అంటే అబెర్‌హార్ట్ ఇచ్చిన హామీ అమలు చేసే అధికారం ఆ కుర్చీకి మొదటి నుంచీ లేనే లేదు. ఈ చట్టాలు చెల్లుతాయా అని లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ బోవెన్, అబెర్‌హార్ట్ ముందే అటార్నీ జనరల్ జాన్ హ్యూగిల్‌ను అడిగారు. చెల్లవని ఆయన మొహమాటం లేకుండా చెప్పేశారు. ఆ మాటతో హ్యూగిల్ పదవి పోయింది. ఇక కేంద్రం ఆ చట్టాలను కొట్టేసింది.

అక్టోబర్‌లో మళ్లీ మూడు బిల్లులు. అందులో ఒకటి పత్రికల మీద. ప్రభుత్వం పంపిన వివరణను ప్రతి పత్రికా అచ్చేయాలి. వార్త ఎవరిచ్చారో అడిగితే పేర్లు చెప్పాలి. మాట వినకపోతే శిక్షలు. తనపై వస్తున్న వార్తలతో విసిగిపోయిన హెడ్‌మాస్టర్, పత్రికలను కూడా క్లాస్‌రూమ్‌లో పిల్లల్లా నిలబెట్టాలనుకున్నారు. కానీ బోవెన్ మూడు బిల్లులకూ ఆమోదం తెలపలేదు. 1938లో కెనడా సుప్రీంకోర్టు ఆ మూడూ చెల్లవని తేల్చేసింది. పత్రికా స్వేచ్ఛ కోసం నిలబడినందుకు ఎడ్మంటన్ జర్నల్‌కు అదే ఏడాది పులిట్జర్ ప్రత్యేక గుర్తింపు దక్కింది. అమెరికా బయటి పత్రికకు ఆ గౌరవం రావడం అదే మొదటిసారి.

దానికి బదులు తీర్చుకున్నారా అన్నట్టు ప్రభుత్వం లెఫ్టినెంట్ గవర్నర్ అధికారిక నివాసాన్ని మూసేసింది. సిబ్బందినీ, కారునూ తీసేసింది.

అన్నీ ఫెయిల్యూర్లేనా? కాదు!

ఇక్కడే కొంచెం ఆగాలి. ఆయన పాలనంతా వృథా అనుకుంటే పొరపాటే. అప్పుల్లో ఉన్న రైతుల భూములు, ఇళ్లు జప్తు కాకుండా చట్టాలు తెచ్చారు. కోర్టులు తర్వాత వాటిలో కొన్నింటిని కొట్టేసినా, మధ్యలో రైతులకు ఊపిరి తీసుకునే టైమ్ దొరికింది. పల్లెల్లో విడివిడిగా ఉన్న వేలాది చిన్న స్కూల్ డిస్ట్రిక్టులను కలిపి పెద్ద డివిజన్లుగా మార్చారు. హైస్కూల్ చదువు పల్లె పిల్లలకు దగ్గరైంది. టీచర్ చేతికి విద్యాశాఖ వస్తే ఏం జరుగుతుందో చూపించారు.

బ్యాంకులను దారికి తేలేమని అర్థమయ్యాక, 1938లో ప్రభుత్వమే ట్రెజరీ బ్రాంచీలు తెరిచింది. జనం డబ్బు దాచుకునేందుకు ప్రావిన్స్ సొంతంగా పెట్టుకున్న సంస్థ అది. తొలి శాఖ రాకీ మౌంటెన్ హౌస్ అనే చిన్న పట్టణంలో మొదలైంది. అదే ఈ రోజు ఏటీబీ ఫైనాన్షియల్ పేరుతో నడుస్తోంది. ఇప్పటికీ ప్రావిన్స్ ప్రభుత్వానిదే.

1940 మార్చిలో మళ్లీ ఎన్నికలొచ్చాయి. ప్రత్యర్థులంతా ఒక్కటయ్యారు. అయినా 57 సీట్లలో 36 గెలిచి సోషల్ క్రెడిట్ అధికారం నిలబెట్టుకుంది. అబెర్‌హార్ట్ ఈసారి ఒకోటోక్స్-హై రివర్ వైపు వెళ్లలేదు. కాల్గరీ నుంచి పోటీ చేసి గెలిచారు. డబ్బు రాకపోయినా జనం ఎందుకు ఓటేశారు? బ్యాంకులతో తమ కోసం కొట్లాడిన మనిషి అనే అభిమానం ఒకటి. ఆ ఆదివారం గొంతు మీద ఇంకా చెరగని నమ్మకం మరొకటి.

చివరి దెబ్బ.. చివరి మజిలీ

1941లో జరిగిన ఓ ఘటన ఆయన్ను బాగా కుంగదీసింది. ఆల్బర్టా యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇస్తున్నట్టు ఆయనకు కబురొచ్చింది. స్నాతకోత్సవ ప్రసంగం కూడా ఆయనదే అన్నారు. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో డిగ్రీ తెచ్చుకున్న టీచర్‌కు అంతకన్నా ఏం కావాలి? కానీ ఆఖరి నిమిషంలో యూనివర్సిటీ సెనేట్ ఓటింగ్ పెట్టి వద్దని తేల్చేసింది. యూనివర్సిటీ ప్రెసిడెంట్ కూడా ఆ గొడవతో పదవి వదులుకున్నారు. ఊరంతా తెలిసిన అవమానం అది.

ఆదివారం ప్రసంగాలను మాత్రం ప్రీమియర్ అయ్యాక కూడా ఆపలేదు. వారమంతా ఫైళ్లు, ఆదివారం మైకు. ఒత్తిడికి ఆరోగ్యం దెబ్బతింది. విశ్రాంతి కోసం వాంకోవర్ వెళ్లినప్పుడు 1943 మే 23న అక్కడే కన్నుమూశారు. పదవిలో ఉండగానే మరణం. వయసు 64 ఏళ్లు. ఆయన సమాధి కూడా ఆల్బర్టాలో లేదు. వాంకోవర్ పక్కనున్న బర్నబీలో ఉంది. ఎవరి కోసం ఎనిమిదేళ్లు కొట్లాడారో ఆ జనానికి దూరంగా, పక్క ప్రావిన్స్‌లో.

శిష్యుడికి కలిసొచ్చిన కాలం

ఆయన తర్వాత ప్రీమియర్ కుర్చీ ఎక్కింది ఎవరనుకున్నారు? ఎర్నెస్ట్ మ్యానింగే. పాతికేళ్లు పాలించారు. ఆయన హయాంలోనే 1947 ఫిబ్రవరిలో లెడ్యూక్ దగ్గర చమురు బావి ఎగజిమ్మింది. అప్పులపాలైన ఆల్బర్టా డబ్బున్న ప్రావిన్స్ అయిపోయింది. సోషల్ క్రెడిట్ సిద్ధాంతాన్ని మ్యానింగ్ మెల్లగా పక్కన పెట్టేశారు. పేరు మాత్రం మిగిలింది. 1935లో మొదలైన ఆ పార్టీ పాలన 1971 దాకా, అంటే 36 ఏళ్లు ఆగకుండా సాగింది.

ఇంకో ట్విస్ట్ కూడా ఉంది. 1957లో మ్యానింగ్ ప్రభుత్వం చమురు ఆదాయంలో వాటాగా జనానికి 20 డాలర్ల చెక్కులు పంచింది. 2006లో వేరే పార్టీ ప్రభుత్వం చమురు డబ్బులతోనే తలా 400 డాలర్లు ఇచ్చింది. సిద్ధాంతం ఇవ్వలేనిది భూమి కింద చమురు ఇచ్చిందన్నమాట. నేల సంపదలో ప్రతి పౌరుడికీ వాటా ఉందని రేడియోలో చెప్పిన మనిషి మాత్రం అది చూడకుండానే వెళ్లిపోయారు.

మొదట్లో అడిగిన ప్రశ్నకు ఇప్పుడు సూటి జవాబు. నెలకు 25 డాలర్లు ఇచ్చారా? లేదు. ఒక్క నెల కూడా ఇవ్వలేదు. 63లో 56 సీట్లు ఇచ్చినా ఇవ్వలేకపోయారు. ఎందుకంటే కరెన్సీ మీద, బ్యాంకుల మీద అధికారం ఆ కుర్చీది కాదు. ఓటు ఎంత భారీగా పడినా కుర్చీకి లేని అధికారం రాదు. ఆ మాట ఎన్నికలకు ముందు చెప్పినవాళ్లున్నారు. కానీ వాళ్ల దగ్గర ఆకలికి జవాబు లేదు. అబెర్‌హార్ట్ దగ్గరున్న జవాబు తప్పో ఒప్పో, ప్రశ్న మాత్రం సరైనదే. పంట ఉన్న చోట పస్తులెందుకు అన్న ఆ ప్రశ్నకే 1935లో ఆల్బర్టా ఓటేసింది.